కిరాయి తేని సరకు
తెరచాప ఓడల అడుగున లోహపు దిమ్మల కథ

సరకుల మార్కెట్లో ప్రతి వస్తువుకూ ఒక ధర ఉంటుంది, ఆ ధర పెట్టి కొనేవాడు ఒకడుంటాడు. కానీ కొనేవాడు లేకుండానే మూడు, నాలుగు వందల ఏళ్లపాటు సముద్రాలన్నీ తిరిగి వచ్చిన సరకు ఒకటి ఉంది. అది తెరచాప ఓడల అడుగున పేర్చిన ఇనుము. ఏ రేవులోనూ దాన్ని దింపేవారు కాదు. దానికి కిరాయి వచ్చేది కాదు. అయినా అది లేనిదే ఓడ రేవు దాటడానికి వీలుండేది కాదు.

ఈ బరువును నావికులు బ్యాలస్టు అంటారు. ఓడల యజమానులకు ఇది ఎప్పుడూ తలనొప్పి వ్యవహారమే. బరువు తగ్గితే ఓడకు ప్రమాదం, పెరిగితే లాభానికి నష్టం. ఈ రెంటి మధ్య వర్తకులు వేసిన లెక్కలు ఇనుము, రాగి, తుత్తునాగం వంటి లోహాల వ్యాపారాన్నే కొంతవరకు మలిచాయి. ఆ లెక్కలు ఒక దశలో మనుషుల దాకా కూడా వెళ్లాయి.

బరువు ఎందుకు?

తెరచాపకు గాలి పక్కనుంచి తగిలితే ఓడ ఒరుగుతుంది. ఒరిగిన ఓడ మళ్లీ నిటారుగా నిలబడాలంటే దాని బరువులో ఎక్కువ భాగం అడుగున ఉండాలి. ఎత్తైన స్తంభాలు, తాళ్లు, చాపలు, యుద్ధనౌకలైతే ఫిరంగులు - ఇవన్నీ పైనే ఉంటాయి. కనుక సరకు లేని ఓడ కడలిలోకి వెళ్లడం మాట అటుంచి, గట్టి గాలి వీస్తే రేవులో నిలవడం కూడా కష్టమే.

దీనికి విరుగుడుగా మొదటినుంచీ వాడింది రాళ్లు, ఇసుక, గులకరాళ్లు. 1628 ఆగస్టు 10న స్టాక్‌హోం రేవులోనే మునిగిన స్వీడిష్ యుద్ధనౌక వాసాలో సుమారు 120 టన్నుల రాళ్లు ఉన్నాయి. పైన మోసిన ఫిరంగుల బరువుకు అవి చాలలేదు. ఇంకా వేద్దామంటే కింది వరస ఫిరంగి కిటికీలు నీటికి మరీ దగ్గరవుతాయి. మొదటి ప్రయాణంలోనే, రేవు విడిచిన కొద్దిసేపటికే, గాలి విసురుకు ఓడ ఒరిగి, తెరచి ఉన్న ఆ కిటికీల గుండా నీరు చొరబడి మునిగిపోయింది. బ్యాలస్టు లెక్క తప్పితే ఏమవుతుందో చెప్పడానికి ఓడల నిపుణులు ఇప్పటికీ ఈ ఉదాహరణే చెబుతారు.

రాయి ఉచితం కాదు

రాళ్లు, ఇసుక ఊరకే దొరుకుతాయి కదా అనిపించవచ్చు. ఆచరణలో అలా జరగలేదు. ఇంగ్లండులో న్యూకాజిల్ నుంచి లండనుకు బొగ్గు తెచ్చిన ఓడలు తిరుగు ప్రయాణంలో ఖాళీగా పోవలసి వచ్చేది. వాటికి కావలసిన బ్యాలస్టును థేమ్స్ నది అడుగు నుంచి తవ్వి అమ్మే హక్కు 1594 నుంచి ట్రినిటీ హౌస్ అనే సంస్థ చేతిలో ఉండేది. అంటే ఓడ యజమాని ఇసుకకు డబ్బు చెల్లించాలి. దాన్ని ఎక్కించిన కూలీలకు చెల్లించాలి. న్యూకాజిల్ చేరాక దాన్ని దింపడానికి మళ్లీ చెల్లించాలి. నదిలో పారబోస్తే రేవు పూడిపోతుంది కనుక ఒడ్డునే పోయించేవారు. అలా పోసిన ఇసుక టైన్ నది ఒడ్డున గుట్టలుగా పెరిగింది.

ఖర్చు కంటే పెద్ద చిక్కు కాలహరణం. బ్యాలస్టు ఎక్కించే రోజులూ, దింపే రోజులూ ఓడకు రాబడి లేని రోజులే. పైగా తడి ఇసుక సరకును పాడుచేస్తుంది. అది నీటిని తోడే పంపుల్లోకి దూరితే ప్రాణాపాయం. ఓడ ఒరిగినప్పుడు వదులుగా ఉన్న గులక ఒక పక్కకు జారితే ఓడ మళ్లీ లేవకపోవచ్చు.

దిమ్మ ఇనుము రంగప్రవేశం

ఈ చిక్కులకు సమాధానంగా వచ్చిందే పోత ఇనుప దిమ్మ. మార్కెట్లో పిగ్ ఐరన్ అని పిలిచే సరకే ఇది. బ్రిటిష్ నౌకాదళం వాడిన పెద్ద దిమ్మ పొడవు 3 అడుగులు, వెడల్పు, మందం ఆరేసి అంగుళాలు. బరువు 320 పౌన్లు, అంటే సుమారు 145 కిలోలు. ఎత్తి దించడానికి వీలుగా రెండు చివర్లా రంధ్రాలుండేవి. ఓడ అడుగు దూలానికి ఇరుపక్కలా వీటిని వరసగా పేర్చి, వాటిమీద గులక పోసి, ఆ పైన నీటి పీపాలు దించేవారు. నెల్సన్ నౌక విక్టరీలో ఈ విధంగా 38 టన్నుల ఇనుము, 257 టన్నుల గులక ఉండేవి. ఓడలో శాశ్వతంగా ఉండే ఈ ఇనుముకు ఆంగ్ల నావికులు కెంట్లెడ్జ్ అని పేరు పెట్టారు.

లోహంతో వచ్చే లాభం దాని సాంద్రతలో ఉంది. ఒక ఘనమీటరు గులక సుమారు 1.7 టన్నులు తూగితే, అంతే పరిమాణంలో పోత ఇనుము 7.2 టన్నులు, రాగి 8.9 టన్నులు, సీసం 11.3 టన్నులు తూగుతాయి. అంతే బరువు నాలుగో వంతు చోటులో, మరింత అడుగున ఇమిడిపోతుంది. మిగిలిన చోటు సరకుకు దక్కుతుంది.

అయితే లోహం ఎంత ఉంటే అంత మంచిదనుకోవడం పొరపాటు. బరువంతా మరీ అడుగున చేరితే ఓడ ఒరిగిన ప్రతిసారీ విసురుగా వెనక్కి లేస్తుంది. ఆ కుదుపులకు స్తంభాలు విరుగుతాయి, తాళ్లు తెగుతాయి. అందుచేత అనుభవమున్న కెప్టెన్లు దిమ్మల్లో కొన్నింటిని మధ్య నుంచి తీసి ఓడ పక్కలకు సర్దేవారు. బొగ్గు, ధాతువుల వంటి బరువైన సరకు మోసే ఓడలకు శాశ్వతమైన ఇనుము గిట్టుబాటు కాదు. అక్కడ ప్రతి టన్ను ఇనుమూ ఒక టన్ను సరకును తగ్గిస్తుంది. తేలికైన, ఖరీదైన సరకు మోసే ఓడలకే ఇది లాభసాటి.

తేయాకు లెక్క

అలాంటి సరకుల్లో మొదట చెప్పవలసింది తేయాకు. 1866లో చైనాలోని ఫూచౌ నుంచి కొత్త పంట తేయాకుతో లండనుకు పందెం వేసుకుని బయలుదేరిన ఓడల్లో ఏరియల్ ఒకటి. మూడు నెలలకు పైగా సాగిన ఆ ప్రయాణం చివర టేపింగ్ అనే ఓడ ఏరియల్ కంటే కేవలం 28 నిమిషాల ముందు రేవులోకి చేరింది. ఏరియల్ అడుగున ఓడ ఆకారానికి తగ్గట్టు పోత పోసి బిగించిన ఇనుము సుమారు 100 టన్నులుండేది.

యజమాని దృష్టితో ఈ ఇనుము లెక్క ఇలా వేయవచ్చు. 100 టన్నుల గులకకు దాదాపు 59 ఘనమీటర్ల చోటు కావాలి. 100 టన్నుల ఇనుముకు సందులతో సహా 19 ఘనమీటర్లు చాలు. మిగిలేది 40 ఘనమీటర్లు, అంటే సుమారు 1,400 ఘనపుటడుగులు. తేయాకు కిరాయిని 50 ఘనపుటడుగులకు ఒక టన్ను చొప్పున కట్టేవారు. కనుక 28 టన్నుల తేయాకుకు అదనంగా చోటు దొరికినట్లే. ఆ ఏడాది ఏరియల్‌కు పలికిన కిరాయి టన్నుకు 7 పౌన్లు. వెరసి ఒక్క ప్రయాణానికి దాదాపు 200 పౌన్ల అదనపు రాబడి. స్కాట్లండు పిగ్ ఐరన్ ధర ఆ రోజుల్లో టన్నుకు 3 పౌన్లకు అటూ ఇటూగా ఉండేది. పోత ఖర్చు కలుపుకున్నా ఇనుముపై పెట్టిన సొమ్ము రెండు, మూడు ప్రయాణాల్లో తిరిగి వచ్చేస్తుంది. ఓడ ముసలిదయ్యాక కూడా ఇనుము ఇనుముగానే అమ్ముడుపోతుంది.

ఇంత లాభమున్నా తేయాకు ఓడలు గులకను పూర్తిగా మానుకోలేదు. వంపు తిరిగిన ఓడ అడుగును చదును చేసి తేయాకు పెట్టెలను తడి తగలకుండా పేర్చడానికి శుభ్రమైన గులక పరుపు కావలసి వచ్చేది. ఇనుము నిలకడ కోసం, గులక చదును కోసం అన్నమాట.

బరువే సరకైనప్పుడు

తెలివైన వర్తకుడికి ఇంకో మార్గం కూడా తోచింది. బ్యాలస్టు ఎలాగూ తప్పనప్పుడు, గమ్యస్థానంలో అమ్ముడుపోయే లోహాన్నే బ్యాలస్టుగా వేస్తే సరిపోతుంది కదా!

2008లో నమీబియా తీరాన ఒరాంజెముండ్ వద్ద వజ్రాల గనిలో తవ్వుతుండగా ఒక పాత పోర్చుగీసు ఓడ బయటపడింది. 1533లో లిస్బన్ నుంచి భారతదేశానికి బయలుదేరి దారిలో గల్లంతయిన బోమ్ జెసుస్ ఇదేనని పరిశోధకులు భావిస్తున్నారు. అందులో 1,800కు పైగా రాగి దిమ్మలు దొరికాయి. వాటిపై జర్మనీలోని ఆగ్స్‌బర్గ్‌కు చెందిన ఫుగ్గర్ వర్తక కుటుంబం త్రిశూలపు ముద్ర ఉంది. మలబారు తీరంలో మిరియాలు కొనడానికి పోర్చుగీసువారు తెచ్చే సరకుల్లో రాగి ముఖ్యమైనది. దారి పొడవునా అదే ఓడకు నిలకడ ఇచ్చేది. ఓడ చెడిపోయినా ఆ రాగి బరువు కింద అణగి ఉన్న భాగాలు దాదాపు 475 ఏళ్లు నిలిచి ఉన్నాయి.

చైనా నుంచి వచ్చే ఓడలకు ఇదే పని తుత్తునాగం చేసింది. తేయాకు, పట్టు తేలికైన సరకులు. పింగాణీ కొంత బరువిస్తుంది. మిగతా లోటును తుత్తునాగం దిమ్మలు తీర్చేవి. 1745 సెప్టెంబరులో కాంటన్ నుంచి తిరిగివస్తూ స్వంత రేవు ముఖంలోనే రాతికి తగిలి మునిగిన స్వీడిష్ ఓడ గోథెబోర్గ్‌లో ఈ లోహం 100 టన్నులకు పైగా ఉంది.

తెలుగు తీరానికీ ఈ వ్యాపారంతో సంబంధం ఉంది. 17వ శతాబ్దిలో డచ్చి కంపెనీ జపానులోని నాగసాకి నుంచి రాగి కడ్డీలు తెచ్చి కోరమాండల్ తీరంలో అమ్మేది. నాణేలకూ, పాత్రలకూ ఇక్కడ రాగికి మంచి గిరాకీ ఉండేది. ఆ సొమ్ముతో మచిలీపట్నం ప్రాంతపు బట్టలు కొనేవారు. బట్టల మూటలు చోటు ఎక్కువ తీసుకుంటాయి, తూకం తక్కువ. ఓడలు తిరిగి వెళ్లేటప్పుడు అడుగున బరువు కావలసిందే. గోల్కొండ రాజ్యంలో తయారైన ఇనుము, ఉక్కు ఇక్కడి రేవుల నుంచి బటేవియాకు ఎగుమతి అయ్యేవి. యూరపుకు పోయే ఓడల్లో సురేకారం ఎక్కేది. వచ్చేటప్పుడు రాగి, పోయేటప్పుడు ఉక్కు లేదా సురేకారం - అడుగున ఏది ఉన్నా అది అమ్ముడుపోయే సరకే కావడం కంపెనీ గుమాస్తాల నేర్పుకు నిదర్శనం.

ధరలపై దెబ్బ

బ్యాలస్టుగా వచ్చే లోహానికి కిరాయి నామమాత్రం. ఎలాగూ వేయవలసిన బరువే కనుక ఎంత వచ్చినా ఓడ యజమానికి మిగులే. దీని ప్రభావం దిగుమతి చేసుకునే దేశంలోని ఉత్పత్తిదారులపై పడింది. 19వ శతాబ్దిలో పత్తి, ధాన్యం తెచ్చేందుకు అమెరికా పోయే ఓడలు గ్లాస్గో నుంచి పిగ్ ఐరన్‌ను చాలా తక్కువ కిరాయికి తీసుకుపోయేవి. అట్లాంటిక్ దాటి వచ్చిన స్కాట్లండు ఇనుము, కొండల మధ్య కొలిమి నుంచి బండ్లపై వచ్చే స్వదేశీ ఇనుముతో తూర్పుతీర నగరాల్లో పోటీకి నిలిచింది. గ్లాస్గోలో గిడ్డంగి వారంట్లపై సాగిన ఇనుప వర్తకం ఆ రోజుల్లో ప్రపంచానికి ధర చెప్పే స్థితికి పెరిగింది. ఓడల అడుగున చవకగా దొరికిన చోటు కూడా దానికి కొంత తోడ్పడింది.

విసిరేయడంలోనూ లెక్కే

ఆపద వచ్చినప్పుడు ముందుగా సముద్రం పాలయ్యేదీ ఈ బరువే. 1770 జూన్ 11 రాత్రి ఆస్ట్రేలియా తీరాన పగడపు దిబ్బకు తగులుకున్న కెప్టెన్ కుక్ ఓడ ఎండెవర్ నుంచి ఆరు ఫిరంగులు, ఇనుప, రాతి బ్యాలస్టు, పాడైన సామగ్రి వెరసి 40, 50 టన్నులు నీటిలోకి విసిరారు. ఓడ తేలింది. 1969లో అమెరికా పరిశోధకులు అయస్కాంత సాధనంతో వెదకి ఆ ఫిరంగులనూ, ఇనుప దిమ్మలనూ పైకి తీశారు.

1787లో తాహితీకి సీమపనస మొక్కల కోసం బయలుదేరిన బౌంటీ ఓడకు వాడుక ప్రకారం 45 టన్నుల ఇనుము వేయాలి. కెప్టెన్ బ్లై 19 టన్నులే చాలన్నాడు. ఆహార పదార్థాలు, సామగ్రి బరువే మిగతాది పూడుస్తుందని అతని లెక్క. ఓడ కేప్ హార్న్ దగ్గర తుపానులను తట్టుకుంది. అడుగున ఉన్నది ఇనుమా, బియ్యమా అన్నది సముద్రానికి పట్టదు, మొత్తం తూకమే దానికి ముఖ్యం.

మనుషులకు ఎదురు తూకం

ఈ తూకం లెక్క అత్యంత క్రూరంగా కనిపించేది బానిసల ఓడల్లో. సావ్ జోసె అనే పోర్చుగీసు ఓడ 1794 ఏప్రిల్‌లో లిస్బన్ నుంచి మొజాంబిక్‌కు బయలుదేరింది. దాని సరకు పట్టీలో సుమారు 1,400 ఇనుప బ్యాలస్టు కడ్డీలు ఉన్నాయి. ఇతర సరకుల మాదిరిగా మనుషుల బరువు స్థిరంగా ఉండదు. ఒక పెద్ద ఓడను నింపినంత మందిని ఎక్కించినా వారి తూకం మామూలు సరకు తూకానికి చాలా తక్కువ. వారు కదులుతారు. ఆకలితో చిక్కిపోతారు, దారిలో చనిపోతారు. ఆ తేడాను పూడ్చడానికే ఇనుము.

మొజాంబిక్‌లో 500 మందికి పైగా ఆఫ్రికన్లను ఎక్కించుకుని బ్రెజిల్‌కు పోతూ, ఆ డిసెంబరు 27న కేప్‌టౌన్ సమీపంలో ఓడ బండలకు కొట్టుకుని పగిలిపోయింది. 200 మందికి పైగా బానిసలు మునిగిపోయారు. ఒడ్డున పడినవారిని కొద్ది రోజుల్లోనే మళ్లీ అమ్మివేశారు. నష్టాన్ని కొంతవరకైనా రాబట్టుకున్నట్లు యజమానుల లెక్క.

1980లలో నిధుల వేటగాళ్లు ఈ శిథిలాన్ని చూసి ఏదో పాత డచ్చి ఓడ అనుకున్నారు. తరువాత కెప్టెన్ ఇచ్చిన వాంగ్మూలం కేప్‌టౌన్ దస్తావేజుల్లో దొరికింది. లిస్బన్ కాగితాల్లో ఇనుప కడ్డీల ప్రస్తావన కనిపించింది. సముద్రం అడుగున అదే రకం కడ్డీలు బయటపడ్డాయి. మునిగిపోయినవారి పేర్లు సరకు పట్టీలో లేవు. ఇనుప కడ్డీల లెక్క ఉంది. ఆ లెక్కే ఈ ఓడ ఏదో చెప్పడానికి ప్రధాన సాక్ష్యమైంది. 2015లో ఈ సంగతిని ప్రకటించారు. ఆ కడ్డీల్లో కొన్నింటిని 2016లో వాషింగ్టన్‌లో ప్రారంభమైన ఆఫ్రికన్ అమెరికన్ చరిత్ర మ్యూజియంలో ప్రదర్శనకు ఉంచారు.

నీరు వచ్చింది

ఆవిరి ఓడలు, ఇనుప ఓడలు రావడంతో ఇనుప దిమ్మల అవసరం క్రమంగా తగ్గింది. 1852లో నీట దిగిన జాన్ బోస్ అనే బొగ్గు ఓడ వంటివి నీటినే బ్యాలస్టుగా వాడే పద్ధతికి దారితీశాయి. లండనులో ఇసుక కొనడం, న్యూకాజిల్‌లో పారబోయడం అనే పాత ఖర్చు దీంతో పోయింది. పంపు తిప్పితే బరువు ఎక్కుతుంది, మళ్లీ తిప్పితే దిగుతుంది. నీటికి ధర లేదు.

ధర లేదన్నది కూడా కొంతకాలం మాటే అయింది. ఒక రేవులో నింపి మరో రేవులో వదిలిన నీటితోపాటు జలచరాలు కూడా ఖండాలు దాటాయి. 1980ల చివర అమెరికా మహా సరస్సుల్లోకి ఈ విధంగా చేరిన జీబ్రా ఆల్చిప్పలు నీటి గొట్టాలను పూడ్చివేసి భారీ నష్టం కలిగించాయి. 2004లో ఆమోదం పొందిన అంతర్జాతీయ బ్యాలస్టు నీటి ఒప్పందం 2017 సెప్టెంబరు 8 నుంచి అమలులోకి వచ్చింది. ఇప్పుడు ఓడలు ఈ నీటిని శుద్ధిచేసే యంత్రాలు పెట్టుకోవలసి వస్తున్నది. ఆ ఖర్చు చివరకు కిరాయిలోనే కలుస్తుంది.

లోహపు బ్యాలస్టు పూర్తిగా కనుమరుగు కాలేదు. పందెపు తెరచాప పడవల అడుగున నేటికీ సీసం పోత పోస్తున్నారు. బ్యాటరీలకు పోయే సీసంతో పోలిస్తే ఆ వాడకం అతి స్వల్పం, మార్కెట్ ధరను కదిలించేంత కాదు. పిగ్ ఐరన్ విషయానికొస్తే దాని కొనుగోలుదారులు నేడు ఫౌండ్రీలు, ఉక్కు మిల్లులే.

కెంట్లెడ్జ్ అన్న పేరు మాత్రం ఓడ దిగి ఒడ్డుకు చేరింది. హైదరాబాదులోనో, విజయవాడలోనో వంతెన కోసం భూమిలో దింపిన పునాది స్తంభం ఎంత బరువు మోస్తుందో చూడడానికి ఇంజనీర్లు దానిపై వేదిక కట్టి కాంక్రీటు దిమ్మలు పేరుస్తారు. ఆ దిమ్మల పేర్పును వారు కెంట్లెడ్జ్ అనే పిలుస్తారు. పరీక్ష ముగియగానే దిమ్మలు లారీలెక్కి మరో చోటికి పోతాయి. లారీ కిరాయి, క్రేను కిరాయి, కూలి - అన్నీ కాంట్రాక్టరు బిల్లులో పడతాయి. పాత ఓడల ఇనుము ఖర్చు మాత్రం ఏ బిల్లులోనూ విడిగా కనిపించేది కాదు. తేయాకు ధరలో, బట్టల ధరలో, మనుషుల ధరలో అది కలిసిపోయేది.